సవాలక్షలో ఒక్క సందేహం

'సవాలక్ష' అంటే లెక్క ప్రకారం లక్షా పాతికవేలు. మన ఇళ్ళలో ఆ మాటని లెక్క కోసం వాడినవాళ్ళెవరూ లేరు. ఆడపిల్ల రెండోసారి "ఎందుకూ?" అందంటే చాలు, "నీకన్నీ సవాలక్ష సందేహాలే!" అని వంటింట్లోంచి ఒక కసురు వినిపిస్తుంది. అదే ప్రశ్న మగపిల్లాడు అడిగితే "వీడు ప్లీడరవుతాడర్రా!" అని మురిసిపోతాం. పిల్ల పెరిగి పెద్దదై, పెళ్ళయి, కాన్పులై, ఒకనాడు ఆసుపత్రిలో డాక్టరు బల్లకి ఇవతల కూర్చుంటుంది. అప్పుడు అడగాల్సిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఎందుకు ఆగిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆపడం మనం చిన్నప్పుడే నేర్పాం.

ఆ కసురునే పేరుగా పెట్టుకుని 1991లో ఒక తెలుగు పుస్తకం వచ్చింది. "సవాలక్ష సందేహాలు". స్త్రీల ఆరోగ్య సమస్యల మీద స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తయారుచేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చింది. దాని వెనకాల అమెరికా పుస్తకం ఒకటుంది. బోస్టన్‌లో 1969లో కొందరు ఆడవాళ్ళు కూర్చుని తమ ఒంటి సంగతులు తామే చదువుకుని, చర్చించుకుని, 1970లో చవక కాయితం మీద 193 పేజీల పుస్తకం వేశారు. వెల 75 సెంట్లు. అదే తర్వాత "అవర్ బాడీస్, అవర్ సెల్వ్స్" అన్న పేరుతో ప్రపంచమంతా తిరిగింది. మనవాళ్ళు ఆ దారిని అందిపుచ్చుకుని మన వూళ్ళ రోగాలూ, మన ఆసుపత్రులూ, మన ఇళ్ళ సంగతులూ రాశారు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రావడం మనకి మామూలే గాని, ఈ పుస్తకం ఎదురు దారిన కూడా నడిచింది. పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న, బుక్ ట్రస్ట్ గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్ కలిసి ఈ పనినే "టేకింగ్ ఛార్జ్ ఆఫ్ అవర్ బాడీస్" అని 2004లో ఇంగ్లీషులోకి తీసుకెళ్ళారు.

పుస్తకం ఊరికే గదిలో కూర్చుని పుట్టింది కాదు. 1985లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజెక్షను ప్రయోగం తలపెట్టారు. రెండు నెలలకోసారి వేయించుకుంటే పిల్లలు పుట్టరన్నమాట. వచ్చిన ఆడవాళ్ళకి సూది అని తెలుసు. అది ఇంకా పరీక్షలో వున్న మందనీ, ఆ పరీక్ష జరిగేది తమ మీదేననీ వాళ్ళకి తెలియదు. ఈ సంగతి స్త్రీశక్తి సంఘటన వాళ్ళు బయటపెట్టి, 1986లో ఢిల్లీ 'సహేలీ' వాళ్ళతో కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. అంటే ఆ సంఘం పుస్తకానికి ముందే ఒక ప్రశ్న అడిగింది. "మాకు చెప్పకుండా మా ఒంట్లోకి ఏం ఎక్కిస్తున్నారు?" సవాలక్షలో అది మొదటిది అనుకోవచ్చు.

సరే, తెలుగులో ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి అంతకు ముందు ఎవరూ రాయలేదా అంటే, రాయకేం? బోలెడు రాశారు. మద్రాసులో డాక్టర్ కె. ఎన్. కేసరి గారి 'లోధ్ర' ఒకప్పుడు తెలుగిళ్ళలో తెలియనివాళ్ళు లేరు. స్త్రీల రుగ్మతలకి అమ్మిన మందది. ఆ కేసరి గారే 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టారు. ఆడవాళ్ళ చేత రాయించారు, రాసినవాళ్ళకి స్వర్ణకంకణాలు తొడిగారు. అంటే మన స్త్రీల సాహిత్యానికి కొంత పెట్టుబడి ఆడవాళ్ళ కడుపునొప్పి లోంచి వచ్చిందన్నమాట. ఇది వెక్కిరింపు కాదు. ఆ నొప్పిని గుర్తించి సీసాలో మందు పోసిన మనిషే, నొప్పి వున్న మనిషికి కలం కూడా వుంటుందని గుర్తించాడు. ఆ రోజుల్లో అది చిన్న సంగతేం కాదు.

ఆ తర్వాత వారపత్రికల కాలం. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభలో 'ప్రమదావనం' దశాబ్దాల తరబడి నడిపారు. వంకాయ కూర దగ్గర్నుంచి మొగుడి అనుమానం దాకా అడగని ప్రశ్న లేదు. అమ్మకి చెప్పుకోలేనిది ఆవిడకి రాసుకున్నారు. డాక్టర్ల శీర్షికలు వేరేగా వచ్చాయి. డాక్టర్ సమరం గారి వంటివారు నలుగురిలో నోరెత్తలేని విషయాలని అచ్చులోకి తెచ్చారు. వాటి మేలు కాదనలేం. ఎందరికో అర్ధరాత్రి భయాలు పోగొట్టాయి.

కాని ఆ శీర్షికల కట్టుబడి ఒకసారి చూడండి. అడిగేది ఒకరు, తెలిసింది ఇంకొకరికి. అడిగేవారికి పేరుండదు, "ఒక సోదరి, ఫలానా వూరు" అని మాత్రం వుంటుంది. ప్రశ్న నాలుగు లైన్లకి కుదించుకుపోతుంది. జవాబు చివర్న "మంచి లేడీ డాక్టరుకి చూపించుకోండి" అన్న వాక్యం తప్పదు. ఉత్తరం చూసి రోగం తేల్చడం ఎవరి తరమూ కాదు గనక ఆ సలహా న్యాయమే. అయితే చూపించుకోడానికి వెళ్ళాక అక్కడ ఏమడగాలి? ఆ సంగతి ఏ శీర్షికా చెప్పలేదు. ఉత్తరం డాక్టరు గుమ్మం దాకా దిగబెట్టి వెనక్కి తిరిగేది. 'సవాలక్ష సందేహాలు' గుమ్మం దాటి లోపలికి కూడా తోడు వస్తానంది. ఈ పుస్తకానికీ తక్కినవాటికీ అసలు తేడా ఇక్కడుందని నా అభిప్రాయం. అడిగేవాళ్ళే చదువుకుని జవాబు వెతుక్కుంటే, జవాబు దొరికినా దొరక్కపోయినా అడగడం మీద సిగ్గు పోతుంది.

పుస్తకం హైదరాబాదుది. దాని విలువ మాత్రం హైదరాబాదులో తేలదు. లైబ్రరీ, క్లినిక్కు, కాలేజీ చదువు వున్నచోట ఏ పుస్తకమైనా బాగానే వుంటుంది. అందుకని దాన్ని చంకన పెట్టుకుని విడవలూరు పోదాం. నెల్లూరుకి ఈశాన్యంగా, కోవూరు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. పెన్న నీళ్ళ కింద వరి మాగాణి, ఇంకాస్త తూర్పుకి రొయ్యల గుంటలు, ఆ చివర రామతీర్థం, దాని ముందు సముద్రం. నాట్ల రోజుల్లో తెల్లారకముందే బయల్దేరి, మోకాలి లోతు బురదలో నడుం వంచి, పొద్దు తిరిగేదాకా నాటే ఆడవాళ్ళ వూళ్ళు ఇవి. వంగి నాటిన పైరు మీదే పండిన బియ్యం నెల్లూరు బియ్యమని పేరు తెచ్చుకుంది. నాటినవాళ్ళ నడుముకి పేరేం రాలేదు.

ఇక్కడి మాటలు వినండి. నెలసరిని 'ముట్టు' అంటారు, 'బయటుండాను' అంటారు. రోగం పేరు 'తెల్లబట్ట'. గర్భం వస్తే 'నెల తప్పింది'. కాన్పు అయితే 'నీళ్ళాడింది'. డాక్టరు చీటీలో వుండే పేర్లు వేరు. ఋతుస్రావం, శ్వేతప్రదరం, ఆపైన ఇంగ్లీషు. ఒక భాషలో మొదలైన బాధ ఇంకో భాషలో చీటీకెక్కుతుంది, మధ్యలో ఎంత జారిపోయిందో లెక్క వుండదు. మగవాడికి ఈ బాధ తక్కువ. జ్వరానికి రెండు భాషల్లోనూ జ్వరమనే పేరు.

వీటన్నిటిలోకీ నన్ను పట్టుకున్న మాట ఒకటుంది. సంస్కృతం దాన్ని 'గర్భాశయం' అంది, అంటే గర్భం వుండే చోటు. మనం 'గర్భసంచి' అన్నాం. మాట తేలిక, అందరికీ అర్థమవుతుంది, తప్పు పట్టడానికేం లేదు. కాని సంచి అన్నాక దాని బతుకు సంచి బతుకే. నిండినంతసేపూ విలువ. ఖాళీ అయ్యాక దులిపి ఒక మూల పారేస్తాం. వడ్లు అమ్మేశాక గోతాంతో పనేముంది?

"ఏం మే, ఈ మధ్య నాట్లలో కనపళ్ళా?"

"సంచి తీసేసినారక్కా. నెల్లూరు పొయ్యొచ్చినాం."

"పోన్లే, పీడా పొయ్యింది. పిల్లలైపోయిన్యా, ఇంక దాంతో పనేముండాది?"

ఈ తీరు మాటలు వినడానికి విడవలూరే పోనక్కర్లేదు. కోస్తాలో ఏ బస్సులోనైనా ఆడవాళ్ళ సీట్ల దగ్గర వినొచ్చు. ఇది ఒట్టి మాటల సంగతి కాదని లెక్కలు చెబుతున్నాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. అంటే మన దగ్గర పదకొండు మందిని వరసగా నిలబెడితే ఒకరికి దాదాపు ఆ ఆపరేషన్ అయివుంటుంది. దేశం మొత్తంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. సగం మందికి 34 ఏళ్ళ లోపే అయిపోయింది. ముట్లుడగడానికి మన ఆడవాళ్ళకి మామూలుగా నలభై ఆరు, నలభై ఏడేళ్ళు రావాలి. అంటే పుష్కరం ముందే అన్నమాట.

డబ్బు కోసం డాక్టర్లు తీసేస్తున్నారని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం సులువు. అది కొంత నిజం కావచ్చు, పూర్తి నిజం మాత్రం కాదు. ఆడవాళ్ళే వెళ్ళి "తీసెయ్యండి డాక్టరమ్మా" అని అడుగుతున్నారు. ఎందుకడుగుతున్నారో వాళ్ళ వైపు నుంచి చూడాలి. మన రాష్ట్రంలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకునేది ఆడవాళ్ళే. 2019-21 సర్వేలో స్త్రీలు నూటికి 69.6, పురుషులు 0.4. ఆ సున్నా దశాంశం నాలుగుని చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు! చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు బిడ్డలు, ఆపరేషన్. ముప్ఫై రాకముందే కడుపుకి సంబంధించిన పనంతా అయిపోయిందనిపిస్తుంది. అక్కణ్ణించి నెలనెలా వచ్చేది ఒట్టి బాధ. బురదలో ముట్టుగుడ్డ మార్చుకునే చోటుండదు. పొలంలో మరుగుండదు గనక దాహం వేసినా నీళ్ళు తాగకుండా వుంటారు, దాంతో మూత్రంలో మంట. అదే సర్వేలో మన రాష్ట్ర స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత. ఒంట్లో లేని రక్తం ఎక్కువగా పోతుంటే ఎవరికి మాత్రం విసుగు పుట్టదు? దానికి తోడు మైల. ముట్టయితే పూజ గదిలోకి రాకూడదు, శుభకార్యానికి పోకూడదు. సంచి తీసేస్తే ఈ గొడవలన్నీ ఒక్కసారిగా పోతాయి. కూలి పోకుండా రోజూ పనికి పోవచ్చు. లెక్క చాలా తెలివైనదే.

తెలివైన ఆ లెక్కలో రాయని ఖర్చు ఒకటుంది. దాన్ని ఆ రోజున ఎవరూ చెప్పరు. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్ఫై ఏళ్ళ మనిషికి మర్నాటి నుంచే ముట్లుడిగినట్టు. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఆ తర్వాత మెల్లగా ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం. అండాశయాలు వుంచినా, కొందరిలో అవి రావాల్సిన కాలం కంటే ముందే పనిచెయ్యడం మానేస్తాయి. నడుం వంచి బతికే మనిషికి ఎముక పోతే ఇంకేం మిగులుతుంది? రోజూ పనికి పోవచ్చని చేయించుకున్న ఆపరేషన్, నలభై ఐదేళ్ళకల్లా పని మానిపిస్తే? "సంచి తీసినప్పట్నుంచీ నడుం పట్టడం లేదు" అన్న మాట కూడా అదే బస్సులో వినిపిస్తుంది. రెండు మాటల్నీ కలిపి చెప్పేవాళ్ళే లేరు.

తెల్లబట్ట మాట కూడా చెప్పుకోవాలి. కొంత తెల్లబట్ట ఆరోగ్యంగా వున్న ఒంట్లోనూ సహజమే. రంగు మారి, వాసన, దురద వుంటే చాలాసార్లు అది మందులతో నయమయ్యే ఇన్ఫెక్షను. గర్భాశయ ముఖద్వారం కాన్సరేమోనని భయముంటే దానికి పాప్ స్మియర్ అనే పరీక్ష వుంది. పలచటి వెనిగరులాంటి ద్రావకం రాసి కంటితో చూసే తేలికపాటి పరీక్ష కూడా వుంది. పరీక్ష చేసి చెప్పేది వేరు. "వుంచుకుంటే కాన్సరవుతుంది" అని బెదిరించేది వేరు. మొదటిది వైద్యం. రెండో మాట ఎవరన్నా, పొరుగింటావిడ అన్నా డాక్టరన్నా, అది వైద్యం కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇలా రాస్తే పల్లెల్లో ఆడవాళ్ళు డాక్టర్లంటేనే భయపడి, నిజంగా అవసరమైనవాళ్ళు కూడా మానేస్తారు గదా అని. ఆక్షేపణ బలమైనదే. కాన్సరు వచ్చినప్పుడు, కాన్పులో రక్తస్రావం ఎంతకీ ఆగనప్పుడు, మందులకి లొంగని గడ్డలు ప్రాణాలు తోడేస్తున్నప్పుడు ఈ ఆపరేషనే మనిషిని బతికిస్తుంది. అలా బతికినవాళ్ళు మన ఇళ్ళలోనే వున్నారు. మంచి డాక్టరుకి ప్రశ్నంటే భయముండదు. పెళ్ళి చీర కొనేటప్పుడు కొట్లో ముప్ఫై చీరలు దింపించి, జరీ గీరి చూసి, రంగు పోతుందా అని పదిసార్లు అడిగి, చివరికి పక్క కొట్టుకి పోతాం. షాపువాడు విసుక్కోడు. మన ఒంట్లో భాగం తీసెయ్యమనేటప్పుడు ఒక్క మాట అడిగితే అది అపనమ్మకం ఎలా అవుతుంది?

చట్టం కూడా మన పక్కనే వుంది. 2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తీర్పిచ్చింది. ఆవిడ పరీక్ష కోసం మత్తులోకి వెళ్ళి, గర్భాశయం, అండాశయాలు లేకుండా బయటికొచ్చింది. మధ్యలో బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించారు. పెద్దదై, తెలివిలో వుండి నిర్ణయం చేసుకోగల మనిషి వుండగా, ప్రాణాపాయం లేనప్పుడు తల్లి ఒప్పుకోలు కూతురి ఒప్పుకోలు కాదని కోర్టు తేల్చింది. తల్లి సంతకమే చెల్లకపోతే మొగుడి సంతకం మాత్రం ఎలా చెల్లుతుంది? అయినా మన దగ్గర ఇప్పటికీ "మీ ఆయన్ని పిలువమ్మా, సంతకం పెట్టాలి" అన్న మాటే ముందు వినిపిస్తుంది. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారన్న కేసులో 2023 ఏప్రిల్‌లో మళ్ళీ సుప్రీంకోర్టే, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమల్లో పెట్టాలంది. కాయితం మీద అన్నీ వున్నాయి.

మరి మన పుస్తకం సంగతి? దాని మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పాలి. అది 1991 నాటిది. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. పథకం పేర్లు మారినా కార్డు చూపించి ఆపరేషన్ చేయించుకోవడం ఇప్పుడు మామూలైంది. బీదవాళ్ళకి అది పెద్ద వరం, కాదనేవాళ్ళు పాపాత్ములు. కాని "డబ్బు కట్టక్కర్లేదు" అన్న మాట విన్నాక "అవసరమా?" అన్న మాట అడగబుద్ధి కాదు. వూరికే వచ్చేదాన్ని ఎవరు పరీక్షిస్తారు? సందు సందుకీ స్కానింగు వచ్చింది. చీటీ చేతిలో పెట్టి "గడ్డ" అన్న ఒక్క మాటంటే ఇల్లంతా వణికిపోతుంది. ఈ సందేహాలేవీ 1991లో పుట్టలేదు. పుస్తకం పాతబడింది గాని పద్ధతి పాతబడలేదు. కొత్త సందేహాలతో దాన్ని మళ్ళీ రాయాలి. ఈసారి రాసేవాళ్ళు నాట్ల గట్టు మీద కూర్చుని, అక్కడి మాటల్తో రాయాలి. గర్భాశయం బొమ్మ వేసి కింద పేర్లు రాస్తే చాలదు. ముట్టుకీ నడుముకీ కూలికీ మధ్యనున్న ముడి విప్పి చూపించాలి.

చదువు రానివాళ్ళకి పుస్తకమేమిటండీ అంటారా? ఆ మాట ఎక్కడన్నా అనొచ్చు గాని నెల్లూరు జిల్లాలో అనకూడదు. 1990ల మొదట్లో ఈ జిల్లా పల్లెల్లో రాత్రిబళ్ళు పెట్టారు. పగలంతా పొలంలో పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు లాంతరు ముందు కూర్చుని వాచకం చదివారు. అందులో సారా మీద పాఠం వుంది. పాఠం చదివి పలక పక్కన పెట్టి వూరుకోలేదు. 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారానే ఆగింది. ఒక పాఠానికి అంత బలం ఎక్కణ్ణించి వచ్చింది? అది ఒంటరిగా చదివిన పాఠం కాదు. ఒకరు చదివితే పదిమంది విన్నారు, విన్న పదిమందీ "మా ఇంట్లోనూ ఇంతే" అనుకున్నారు. ఆరోగ్య పుస్తకానికీ అలాంటి చదువే కావాలి. ఇప్పుడు ప్రతి పల్లెలోనూ పొదుపు సంఘాలున్నాయి, ఆశా కార్యకర్తలున్నారు. నెలకోసారి అప్పు వాయిదాల లెక్క చూసుకునేటప్పుడు ఒక అరగంట ఈ లెక్క కూడా చూసుకుంటే వడ్డీ ఏం పెరగదు.

పుస్తకం మళ్ళీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. డాక్టరు "తీసెయ్యాలి" అన్నప్పుడు అడగాల్సినవి నాలుగే. ఎందుకు తీస్తున్నారు? మందులతో గాని, ఇంకో దారిన గాని నయం కాదా? అండాశయాలు వుంచుతారా, తీస్తారా? ఇంకో డాక్టరుని కూడా అడిగి రావడానికి టైముందా? ఈ నాలుగూ ఒక చిన్న కాయితం మీద పెద్ద అక్షరాలతో రాయించి, రేషను కార్డూ ఆధార్ కార్డూ దాచుకునే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. చదవడం రాకపోతే పదో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకు వెళ్ళండి, అది చదువుతుంది. అక్కడ అది అయిదో ప్రశ్న కూడా అడిగిందనుకోండి, కసరకండి.